టైపింగ్ చేతికి ఎలక్ట్రిక్ ఎందుకు రాలేదు: ఒక కేస్ స్టడీ

నల్లగొండలో నాకు ఆరు కంప్యూటర్ల చిన్న సెంటర్ ఒకటి ఉంది. పొద్దంతా జిరాక్సులు, హాల్‌టికెట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. సాయంత్రం ఆరు దాటితే టెక్కెన్ 7, ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఫైటింగ్ గేమ్. రోజూ వచ్చే కుర్రాళ్లు ఏడెనిమిది మంది ఉంటారు. నాకు తెలిసింది వాళ్లకు నేర్పిస్తుంటాను. దానికి ఫీజేమీ లేదు, సీటు అద్దె ఇస్తే చాలు.

ఇక్కడ రాస్తున్నది వాళ్లలో ఒకరి సంగతి. పేరు, ఊరు, ఇంటి వివరాలు తీసేశాను, తమ్ముడు అనే రాస్తాను. రాసింది అతనికి చదివి వినిపించాను, సరే అన్నాడు. వేళ్ల గురించి, కీబోర్డు గురించి చెప్పేవి మాత్రం జరిగినవి జరిగినట్టే. రెండు నెలలు పట్టిన ఈ పనిలో నెలన్నర నా తొందరపాటు వల్లే వృథా అయింది. అందుకే రాస్తున్నాను.

అసలు ఏం నొక్కాలి

తమ్ముడు ఆడేది కజుయా అనే పాత్రతో. కజుయా చేతిలో ఉన్న గొప్ప దెబ్బ ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్. మా దగ్గర అందరూ ‘ఎలక్ట్రిక్’ అనే అంటారు. ముందుకు, అంటే ఎదుటివాడి వైపు, ఒకసారి నొక్కి వదలాలి. ఏ కీ నొక్కని క్షణం ఒకటి ఉండాలి. తర్వాత కిందికి నొక్కాలి. అక్కడి నుంచి కింద-ముందు మూలకు పోవాలి. ఆ మూల పడిన ఫ్రేములోనే, అంటే ఆట చూపించే ఒక్క చిత్రంలోనే, కుడి చేతి పంచ్, అంటే 2వ బటన్, పడాలి.

ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది, కాబట్టి ఒక్క ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. పంచ్ ఒక్క ఫ్రేము ఆలస్యమైతే వచ్చేది మామూలు విండ్ గాడ్ ఫిస్ట్. చూడ్డానికి రెండూ ఒకే దెబ్బ, ఎలక్ట్రిక్‌లో నీలం మెరుపు ఎక్కువ, అంతే. లెక్కలోనే తేడా. మామూలుదాన్ని ఎదుటివాడు కాచుకుంటే మనం 10 ఫ్రేములు వెనకబడతాం, వాడు 10 ఫ్రేముల జాబ్, అంటే చిన్న పంచ్, వేస్తే తిని ఊరుకోవాల్సిందే. ఎలక్ట్రిక్‌ను కాచుకుంటే మనమే 5 ఫ్రేములు ముందుంటాం. పంచ్ ముందే పడిపోతే మాత్రం రెండూ రావు, కూర్చుని కొట్టే వేరే దెబ్బ వస్తుంది.

మా దగ్గర కీబోర్డు మీదే ఆడతారు. ఎడమ చేతికి డబ్ల్యూ, ఏ, ఎస్, డి. కుడి చేతికి యు, ఐ, జె, కె. 2వ బటన్ ఐ మీద ఉంటుంది. కీబోర్డు మీద ‘కింద-ముందు మూల’ అని వేరే కీ ఉండదు. కిందికి కీ వదలకుండా, దానితోపాటు ముందుకు కీ నొక్కాలి. అవి రెండూ కలిసి ఉన్నంతసేపే మూల. ఈ కేసంతా ఇక్కడే ఇరుక్కుంది.

తమ్ముడి ఫిర్యాదు

మా దగ్గరికి వచ్చేనాటికే అతనికి ఆట బాగా తెలుసు. ఎదుటివాడి దెబ్బ గాల్లో పోయిందంటే వెంటనే పట్టేసేవాడు, త్రోలు, అంటే పట్టుకుని విసిరే దెబ్బలు, విడిపించుకునేవాడు. ఎలక్ట్రిక్ ఒక్కటే రాదు.

“అన్నా, ఇరవై కొడితే రెండొస్తున్నయ్. అటు పక్కకు పోతే అవి గూడ లెవ్వు. నా చేతికి స్పీడ్ సాలుతలేదన్నా.”

అంటే స్క్రీన్‌లో ఎడమవైపు నిలబడితే ఇరవైకి రెండు మూడు, కుడివైపు సున్నా. రోగమూ అతనే చెప్పాడు, కారణమూ అతనే చెప్పాడు. నేను రెండూ నమ్మాను. రోగం వరకు నమ్మి కారణం దగ్గర ఆగి ఉంటే సరిపోయేది.

చేసి చూసినవి

స్పీడ్ తక్కువైతే సాధన పెంచాలి కదా. రోజుకు రెండు వందలు కొట్టమన్నాను. పది రోజులు నిజాయితీగా కొట్టాడు. ఇరవైకి మూడు దాటలేదు, పైగా మణికట్టు నొప్పి మొదలైంది. ఆ పది రోజులూ నేను చూసింది నీలం మెరుపు వచ్చిందా లేదా అన్నదే. ప్రాక్టీస్ మోడ్‌లో మనం నొక్కినవన్నీ వరసగా చూపించే కమాండ్ హిస్టరీ ఉంటుంది. అది ఆన్ చేస్తే ఒక్క నిమిషంలో సగం విషయం తెలిసేది. కొత్తవాళ్లందరికీ ఆన్ చేస్తాను. ఇతను కొత్తవాడు కాదు కదా అని వదిలేశాను.

తర్వాత కీబోర్డును అనుమానించాను. ఈ అనుమానం పూర్తిగా తప్పు కాదు. చవక కీబోర్డుల్లో కొన్ని మూడు కీల జతలు ఒకేసారి నొక్కితే మూడోది కంప్యూటర్‌కు చేరదు. నోట్‌ప్యాడ్ తెరిచి, ఎస్, డి రెండూ నొక్కి పట్టుకుని ఐ కొట్టి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. మా ఆరింటిలో ఒకటి అలా మింగేస్తోంది, దాన్ని హాల్‌టికెట్ల సిస్టమ్‌కు మార్చేశాను. కానీ తమ్ముడు కూర్చునే కీబోర్డు బాగానే ఉంది. అదే సీట్లో ఇంకో కుర్రాడు ఇరవైకి పదిహేను కొడుతున్నాడు. కాబట్టి తేడా వస్తువులో లేదు, చేతిలోనే ఉంది.

అప్పుడైనా చేతిని చూడాల్సింది. చూడకుండా నా పాత విద్య ఒకటి బయటికి తీశాను. నేను స్ట్రీట్ ఫైటర్ 4 అనే ఇంకో ఫైటింగ్ గేమ్ కాలం వాణ్ని. అందులో కొన్ని లింకులకు, అంటే ఒక దెబ్బ వెంట ఇంకో దెబ్బ కలపడానికి, ఒక్క ఫ్రేమే సమయం ఉండేది. అందుకోసం ప్లింక్ అనే పద్ధతి పుట్టింది. బలమైన బటన్ నొక్కి, ఒక్క ఫ్రేము తేడాతో దానికంటే చిన్న బటన్ నొక్కితే, ఆట ఆ బలమైన బటన్‌ను రెండోసారి కూడా నొక్కినట్టు లెక్కేసేది. ఒక్క ఫ్రేము అవకాశం రెండు ఫ్రేములయ్యేది. 2016లో వచ్చిన ఐదో భాగంలో ఆటే కొంత వెసులుబాటు ఇచ్చేసరికి ఆ అవసరం పోయింది. చేతికి అలవాటైన విద్య మాత్రం ఎక్కడో ఒకచోట వాడాలనిపిస్తుంది. రెండు వేళ్లను బటన్ల మీద జార్చి కొట్టడం తమ్ముడికి నేర్పాను.

అది ఇక్కడ పనికిరాదని ముందే ఆలోచిస్తే తెలిసేది. ప్లింక్ ఇచ్చేది రెండో అవకాశం. ఎలక్ట్రిక్‌లో మొదటి పంచ్ తప్పు ఫ్రేములో పడగానే ఏదో ఒక దెబ్బ బయల్దేరిపోతుంది, ఇక రెండో అవకాశం దేనికి? పైగా టెక్కెన్‌లో రెండు పంచ్ బటన్లు కలిస్తే అది వేరే కమాండ్. వారం పోయింది. అప్పటిదాకా వస్తున్న ఆ రెండు మూడు కూడా పోయాయి.

గేమ్ ప్యాడ్ ఇచ్చి చూశాను. బొటనవేలు కింది నుంచి మూలకు దొర్లుతుంది, ఏ వేలు ఎప్పుడు వదలాలన్న గొడవే ఉండదని. ఆలోచన చెడ్డది కాదు. కానీ ప్యాడ్ మీద అతనికి మిగతా ఆటంతా పోయింది, నాలుగు రోజులకు విసుగెత్తి పక్కన పెట్టేశాడు.

కజుయానే మార్చెయ్యమన్న మాట కూడా వచ్చింది. లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ 2019లో ఎవో జపాన్, లాస్ వేగాస్‌లో జరిగిన ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్లు రెండూ కొట్టాడు. జపాన్‌లో అతను నమ్ముకున్న కజుమి అనే పాత్రకు ఎలక్ట్రిక్కే లేదు. ఆ ఉదాహరణ చెప్పి చూశాను. “కజుయా లేకపోతే నేనెందుకన్నా ఆడుడు” అన్నాడు తమ్ముడు. ఆడేది సంతోషం కోసం అయినప్పుడు ఆ జవాబుకు ఎదురు చెప్పకూడదని నా అభిప్రాయం. వదిలేశాను.

చప్పుడు

ఒక మధ్యాహ్నం సెంటర్‌లో జనం ఎక్కువై, ఒకాయన దరఖాస్తు టైప్ చేసిపెట్టమని తమ్ముడినే కూర్చోబెట్టాను. నేను జిరాక్స్ మెషీన్ దగ్గర వెనక్కి తిరిగి ఉన్నాను. చప్పుడు వినిపిస్తోంది. టక్, టక్, టక్, టక్. ఒక్కో దెబ్బ విడివిడిగా, కొలిచినట్టు. మా దగ్గర టైప్ చేసేవాళ్ల చప్పుడు అలా ఉండదు, గలగలా ఒకదాని మీద ఒకటి పడుతుంది.

“టైపింగ్ ఏడ నేర్చుకున్నవ్ తమ్మీ?”

“ఇన్‌స్టిట్యూట్‌ల అన్నా. లోయర్ పాసైన. హయ్యర్‌కు పోతున్న.”

పాత మెషీన్ల మీద. ఆ మెషీన్‌లో ఒక కీ లేవకముందే ఇంకోటి కొడితే రెండు అక్షరాల పుల్లలు ఎదురెదురుగా వచ్చి అతుక్కుపోతాయి. చేత్తో విడదీయాలి, వేళ్లకు రిబ్బన్ సిరా అంటుతుంది. అందుకే మొదటి రోజు నుంచే కొట్టి వదులు, కొట్టి వదులు అని వేళ్లకు ఎక్కిస్తారు. రెండేళ్లుగా అతని వేళ్లు నేర్చుకుంటున్నది అదే.

ఆ సాయంత్రం ఫోన్‌ను రెండు పుస్తకాల మీద నిలబెట్టి, అతని ఎడమ చేతిని స్లో మోషన్‌లో తీశాను. సెకనుకు 240 చిత్రాలు, అంటే ఆటలో ఒక్క ఫ్రేముకు నాలుగు. ఒక్కో చిత్రం జరుపుతూ ఇద్దరం చూశాం. మధ్యవేలు డి నొక్కి వదిలింది, అక్కడ తప్పు లేదు. ఉంగరపు వేలు ఎస్ మీద దిగింది. తర్వాత లేచింది. మధ్యవేలు డి మీదకు ఇంకా రాలేదు. ఐదారు చిత్రాల పాటు ఏ కీ మీదా వేలు లేదు, చెయ్యి గాల్లో ఉంది. ఆ తర్వాత డి, ఐ కలిసి పడ్డాయి. ఆటకు చేరింది కిందికి, ఖాళీ, ముందుకు. మూల అన్నదే లేదు. అప్పుడు కమాండ్ హిస్టరీ ఆన్ చేస్తే అందులోనూ అదే, ఏటవాలు బాణం ఉండాల్సిన చోట నిలువు బాణం పక్కనే అడ్డ బాణం.

స్పీడ్‌కు ఏ లోటూ లేదు. చెప్పాలంటే మిగతా కుర్రాళ్లకంటే ఎక్కువే.

ఇంకో విషయం కూడా అప్పుడే అర్థమైంది. చాలామంది కుర్రాళ్లు మొదటి సగంలో తప్పుతారు. ముందుకు కీ పూర్తిగా వదలకుండానే కిందికి నొక్కుతారు, మధ్యలో ఖాళీ రాదు. తమ్ముడు ఆ సగంలో ఎప్పుడూ తప్పలేదు. అక్కడ కాపాడుతున్న అలవాటే రెండో సగంలో దెబ్బతీస్తోంది. కాబట్టి ఆ అలవాటు మాన్పించకూడదు. దాన్ని ఎక్కడ ఆపాలో చేతికి చెప్పాలి.

కుడివైపు సున్నా ఎందుకో కూడా వీడియోలోనే దొరికింది. ఆట ఆడేవాళ్లు సాధారణంగా చూపుడు వేలు డి మీద పెడతారు. ఇతని చెయ్యి టైపింగ్ వరసలో ఉంది. చిటికెన వేలు ఏ, ఉంగరపు వేలు ఎస్, మధ్యవేలు డి, చూపుడు వేలు ఎఫ్ మీద ఖాళీగా. కుడివైపు నిలబడితే ‘ముందుకు’ అంటే ఏ. అంటే ఉంగరపు వేలితో అదిమి పట్టుకుని చిటికెన వేలితో కొట్టాలి. ఉంగరపు వేలు బల్ల మీద అదిమి ఉంచి చిటికెన వేలిని విడిగా ఆడించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఏది పనిచేసింది

మొదట చెయ్యి జరుపుకోమన్నాను. ఒక్క నిమిషం ఉంటుంది, తర్వాత వెనక్కి పోతుంది. ఎఫ్ కీ మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, ఆ గీత తగిలేదాకా అతని చూపుడు వేలు ఊరుకోదు. గుర్తు కోసం డి మీద స్టిక్కర్ బొట్టు అంటించాం. మే నెల ఉక్కపోతలో ఆ చెమటకు రెండు రోజుల్లో ఊడిపోయింది. చెయ్యి జరగనంటే కీలే జరగాలి. కంట్రోల్ సెట్టింగ్స్‌లో ఎడమకు ఎస్, కిందికి డి, కుడికి ఎఫ్, ఎగరడానికి స్పేస్ పెట్టాను. ఇప్పుడు కిందికి మధ్యవేలు, అటు చూపుడు వేలు, ఇటు ఉంగరపు వేలు. చిటికెన వేలికి పని లేదు.

ఇక వదలకపోవడం. “పట్టుకో, పట్టుకో” అని పక్కన నిలబడి ఎంత అరిచినా వేలు వినదు. అప్పుడు అడిగాను.

“మెషీన్ మీద క్యాపిటల్ ఎట్ల కొడ్తవ్?”

“షిఫ్ట్ వట్టుకొని కొడ్త.”

“షిఫ్ట్ ముందే వదిలితే?”

“అక్షరం లైన్ మీదికెల్లి పైకి ఎగుర్తది. సార్ తప్పు కింద రాస్తడు.”

“మరి డౌన్ నీ షిఫ్ట్ అనుకో. ముందుకు కొట్టేది, పంచ్ కొట్టేది క్యాపిటల్ అక్షరం.”

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. కిందికి కీ మీద వేలు పెట్టి, వదలకుండా, చూపుడు వేలితో ఎఫ్ కొట్టి చూసుకున్నాడు, పంచ్ లేకుండా. పదిసార్లు అదే. తర్వాత పంచ్ కలిపాడు. ఆ సాయంత్రం ఎడమవైపు ఇరవైకి ఎనిమిది వచ్చాయి. నేను కొత్తగా ఏమీ నేర్పలేదు. అదిమి పట్టుకుని కొట్టడం అతని చేతికి ముందే వచ్చు, షిఫ్ట్ దగ్గర మాత్రమే వాడుతోంది.

మిగిలింది ముందుకు, పంచ్ ఒకే ఫ్రేములో పడటం. టైపిస్టుకు రెండు చేతులూ ఒకేసారి కొట్టడం కూడా తప్పే. దీనికి చెవిని వాడాం. స్పీకర్లు ఆపేసి, కీల చప్పుడు మాత్రమే వినాలి. ఒక్క ‘టక్’ అయితే సరి, ‘ట్టక్’ అని చీలితే కాదు. మెరుపు కోసం స్క్రీన్ చూడొద్దన్నాను. స్క్రీన్ చెప్పేది ఫలితం, చెవి చెప్పేది కారణం. రెండు వారాల్లో ఎడమవైపు పద్నాలుగు, పదిహేను దాకా వచ్చింది. కుడివైపు తొమ్మిది.

అక్కడ ఆగిపోయింది. తమ్ముడికి ఇరవైకి ఇరవై కావాలి. కాగితం మీద లెక్కేసి చూపించాను. రెండు వేళ్ల మధ్య తేడా 4 మిల్లీసెకన్లే అనుకుందాం, వీడియోలో ఒక్క చిత్రం. ఆట కీలను 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది. ఆట అలా చూసే క్షణం సరిగ్గా ఆ నాలుగు మిల్లీసెకన్ల మధ్య పడితే ఒక కీ ఈ ఫ్రేములో, ఇంకోటి పక్క ఫ్రేములో పడుతుంది. నాలుగును పదహారున్నరతో భాగిస్తే సుమారు నాలుగింట ఒకసారి అలా జరుగుతుంది. అంటే ఇరవైకి ఐదు పోతాయి. అతనికి పోతున్నవీ అయిదారే. ఇక ఆ మిగిలిన ఒక్క చిత్రాన్ని తగ్గించడానికి నెలలు పడుతుంది.

అందుకే సాధన పెంచకుండా, ఎక్కడ వాడాలన్నది మార్చాం. ఎదుటివాడు కాచుకునే చోట కొట్టి తప్పితే జాబ్ తినాలి. వాడి దెబ్బ గాల్లో పోయినప్పుడు కొడితే, ఎలక్ట్రిక్ రాక మామూలుది వచ్చినా అదీ మనిషిని గాల్లోకి లేపుతుంది. మొదటి నెల మ్యాచుల్లో అలాంటప్పుడు మాత్రమే కొట్టాలన్నది ఒప్పందం. తప్పితే పోయేదేమీ లేదని తెలిశాక టెన్షన్ తగ్గింది, చెయ్యి పాత దారికి పోవడమూ తగ్గింది. కొట్టే ముందు “షిఫ్ట్” అని గొణుక్కునేవాడు. మిగతావాళ్లు అతనికి అదే పేరు పెట్టేశారు.

నేను ఊహించనిది

జూన్‌లో ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. “ఇన్‌స్టిట్యూట్‌ల పుల్లలు అతుక్కుంటున్నయన్నా. సార్ తిట్టిండు.” హయ్యర్ అంటే నిమిషానికి 45 పదాలు, పరీక్ష దగ్గరికొచ్చింది. నేను నేర్పిన అలవాటు తిరిగి మెషీన్ మీదకు పోయింది. కీలను టైపింగ్ వరసలోనే పెట్టిన నా తెలివికి ఇది ఖరీదు. చేతికి రెండు పనులూ ఒకే చోటు అయిపోయాయి.

పరీక్ష అయ్యేదాకా ఎలక్ట్రిక్ బంద్ పెట్టించాను. ఉద్యోగానికి అడ్డుపడే ఆట నా సెంటర్‌లో వద్దు. ఆ తర్వాత మొదలుపెట్టినప్పుడు కీబోర్డును బల్ల మీద ఏటవాలుగా తిప్పి, కుర్చీ తగ్గించి కూర్చోబెట్టాను. టైపింగ్‌కు కూర్చున్నట్టు అనిపించకూడదని. పుల్లలు అతుక్కోవడం ఆగింది. కీబోర్డు తిప్పడం వల్లో, మధ్యలో దొరికిన విరామం వల్లో విడదీసి చెప్పలేను, రెండూ కలిసే చేశాం కాబట్టి.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా మొదటి రోజే ఫోన్‌తో చేతిని తీస్తాను, పది నిమిషాల పని. స్పీడ్ అన్న మాట వినిపిస్తే పక్కన పెట్టి, ఆటకు ముందు ఆ చేతులు ఏం చేసేవని అడుగుతాను. పోయిన నెల ఒక కుర్రాడు వచ్చాడు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. వీడియో చూస్తే తమ్ముడికి పూర్తిగా తిరగేసిన చెయ్యి. రెండో సగం మొదటి రోజే వచ్చేసింది, మూల బ్రహ్మాండంగా పడుతోంది. కానీ స్వరం తెగకుండా ఒక కీ మీద ఇంకో కీ కలుపుకుపోవడం అలవాటు కదా, ముందుకు కీ వదలడు, మధ్యలో ఖాళీ రాదు. షిఫ్ట్ మాట అతనికి పనికిరాదు. పాటల్లో స్వరాలను తుంచి వాయించే చోటు ఏదైనా ఉందా అని అడిగాను. ఈ ఆదివారం వాయించి చూసి చెప్తానన్నాడు.